మా అత్త ఒప్పుకోని అడ్మిరల్

1971 డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్సు మైదానంలో తీసిన ఛాయాచిత్రం మన తరం వారందరికీ తెలిసినదే. బల్ల మీదికి వంగి పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేస్తూ ఉంటాడు, పక్కన మన జనరల్ అరోరా కూర్చుని చూస్తూ ఉంటారు. ఆ బొమ్మను చూసినవారి కళ్ళు సాధారణంగా ఆ ఇద్దరి దగ్గరే ఆగిపోతాయి. బరంపురంలో మా మేనమామ ఇంటి వసారా గోడకు కూడా ఆ బొమ్మే, ఒక పత్రికలోంచి కత్తిరించి అట్టకు అంటించి అద్దం కట్టించినది, చాలా ఏళ్ళు వేలాడింది. ఎవరైనా దాని ముందు నిలబడితే చాలు, మామయ్య లేచి వచ్చి, కూర్చున్నవారిని వదిలేసి, వెనుక నిలుచున్న వరుసలో ఒకరి మీద వేలు పెట్టి "ఈయన్ని చూడు, ఈయన మా కమాండర్" అనేవాడు. ఆయన వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్. ఆ యుద్ధకాలంలో విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళానికి ప్రధానాధికారి.

మామయ్య ఓడలెక్కి పోరాడినవాడు కాడు. విశాఖలో నౌకాదళానికి బియ్యం, పప్పు, కూరగాయలు, మాంసం సరఫరా చేసే విభాగంలో చిన్న ఉద్యోగి. అందుకే కాబోలు, ఆయన చెప్పే యుద్ధంలో ఫిరంగుల మోత కంటే సరుకులు కోరుతూ రాసే ఇండెంటు కాగితాల గరగర ఎక్కువగా వినబడేది. పదవీ విరమణ తరువాత సొంత ఊరైన బరంపురం వచ్చేశాడు. ఒడిశా ఏర్పడిన 1936 వరకూ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే కనుక, మా వంటి తెలుగు కుటుంబాలకు ఇటు బరంపురమూ అటు విశాఖా రెండూ స్వస్థలాల కిందే లెక్క. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రులకు, ఉద్యోగాలకు మేము మెయిలు ఎక్కి విశాఖ వెళ్ళేవాళ్ళం. అక్కడి చుట్టాలు మా ఊరి దేవత ఠాకురాణి యాత్ర చూడటానికి ఇక్కడికి వచ్చేవారు.

కృష్ణన్ గారి జీవితాన్ని మామయ్య పురాణం చెప్పినట్టు మొదటి నుంచీ చెప్పేవాడు. 1919లో నాగర్‌కోయిల్‌లో పుట్టారు. డఫరిన్ శిక్షణ నౌకలో చదువుకుని, తెల్లవారి కాలపు రాయల్ ఇండియన్ నేవీలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, పర్షియన్ గల్ఫ్‌లో చూపిన సాహసానికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ పొందారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళ తరువాత, 1961 డిసెంబరులో గోవా, డయ్యూ, డామన్‌లను విడిపించినప్పుడు, డయ్యూ తీరాన నిలిచి అక్కడి కోట మీద గుళ్ళు కురిపించిన ఐఎన్ఎస్ ఢిల్లీ నౌకకు కెప్టెన్ ఆయనే. ఆ తరువాత విమానవాహక నౌక విక్రాంత్‌కు కూడా కొంతకాలం కెప్టెన్‌గా ఉన్నారు. ఈ చివరి మాట దగ్గర మామయ్య ఒక్క క్షణం ఆగేవాడు. తాను నడిపిన ఓడ గుట్టుమట్లు ఎరిగిన మనిషి చేతికే 1971లో ఆ ఓడను కాపాడే బాధ్యత వచ్చిందని ఆయన ఉద్దేశం.

విక్రాంత్ అప్పుడు ఆరోగ్యంగా లేదు. ఇంగ్లండు నుంచి కొనుక్కున్న ఆ నౌక 1961లో మన నౌకాదళంలో చేరింది. 1965 యుద్ధమప్పుడు మరమ్మతుల్లో ఉండి పాల్గొనలేకపోయింది. 1971 నాటికి దాని బాయిలర్లలో ఒకదానికి పగులు వచ్చింది. పూర్తి ఆవిరి పీడనంతో నడపడానికి వీలు లేదు, అంటే పూర్తి వేగం లేదు. బరువైన విమానాలను గాలిలోకి లేపాలంటే ఓడ గాలికి ఎదురుగా వేగంగా సాగాలి. మెల్లగా నడిచే విమానవాహక నౌక జలాంతర్గామికి సులువైన వేట. ఇటువంటి ఓడను యుద్ధానికి పంపాలా వద్దా అన్న చర్చలో పంపాలన్న పక్షాన కృష్ణన్ గారు గట్టిగా నిలబడ్డారు. బంగాళాఖాతంలో ఇంకెవ్వరి వద్దా విమానవాహక నౌక లేదు, దాన్ని రేవులో కట్టేసుకుని కూర్చుంటే అది ఉన్నా లేనట్టే అన్నది ఆ వాదన సారాంశం.

శత్రువు వైపు నుంచి దానికి ఉన్న ముప్పు ఒక్కటే, పి.ఎన్.ఎస్. ఘాజీ. అమెరికా నుంచి పాకిస్తాన్ తెచ్చుకున్న పాత జలాంతర్గామి అది, పూర్వపు పేరు డయాబ్లో. కరాచీ నుంచి బయలుదేరి, సింహళం చుట్టూ తిరిగి, బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగలిగినంత శక్తి వారి దగ్గర దానికొక్కదానికే ఉండేది. నవంబరు 14న అది కరాచీ విడిచింది. దాని వేట విక్రాంత్ కోసమేనన్నది మనవారికి అర్థమయింది. విక్రాంత్‌ను అండమాన్ దీవులలో ఎవరి కంటా పడని ఒక లంగరు చోటికి పంపి దాచారు. సంకేత భాషలో ఆ చోటును ఎక్స్-రే రేవు అన్నారు. అది విశాఖలోనే ఉన్నట్టు శత్రువును నమ్మించే పని అప్పుడు మొదలయింది. మా మామయ్య జీవితంలోకి చరిత్ర వచ్చింది ఇక్కడే.

"జెట్టీలో అంత పెద్ద ఓడ లేదు నాయనా, కానీ అంత పెద్ద ఓడకి సరిపడా ఇండెంట్లు వచ్చాయి" అని ఆయన చెప్పే తీరు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. కార్బను కాగితాలు పెట్టి మూడు ప్రతులు రాయాలి. మటన్, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, ఆనపకాయలు, వంకాయలు, అన్నీ మామూలు రోజులకు ఎన్నో రెట్లు. కింది ప్రతి మీద అంకెలు కనబడక మళ్ళీ మళ్ళీ దిద్దినందుకు చూపుడు వేలు నీలంగా మారి, అన్నం తినేటప్పుడు అత్త కసిరేదట. కంట్రాక్టరు మనుషులు గుమాస్తాలను గుచ్చి గుచ్చి అడిగేవారట, "ఏటి బాబూ, విక్రాంత్ వచ్చిందా ఏటి?" అని. గుమాస్తాలకు ఏమీ తెలియదు. తెలియనివాడు సమాధానం చెప్పకుండా చూపులు తిప్పుకుంటే, తెలిసి దాస్తున్నాడని బజారు అనుకుంటుంది. సంత మొత్తం రెండు రోజుల్లో విక్రాంత్ వచ్చిందని నిర్ధారించేసింది. ఆ పుకారు పుట్టాలనే ఆ ఇండెంట్లు పుట్టాయన్న సంగతి మామయ్యకు యుద్ధం అయిపోయిన చాలా కాలానికి, కృష్ణన్ గారే రాసుకున్న జ్ఞాపకాల ద్వారా తెలిసింది.

ఆ జ్ఞాపకాల ప్రకారం ఎత్తుగడలో ఇంకా చాలా పోగులు ఉన్నాయి. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే ముసలి డిస్ట్రాయర్‌ను, సేవ నుంచి తప్పించే రోజులు దగ్గర పడినదాన్ని, విక్రాంత్‌గా నటించడానికి సముద్రం మీదికి పంపారు. పెద్ద ఓడ నుంచి వెళ్ళే వైర్‌లెస్ సందడి అంతా దాని నుంచి వెళ్ళింది. విక్రాంత్ మీద పనిచేసే నావికుడెవరో జబ్బుపడిన తల్లి క్షేమం కనుక్కుంటున్నట్టు రహస్య సంకేతం లేని మామూలు తంతి ఒకటి పంపించారు. విక్రాంత్ వస్తోందని, రేవులో చోటు సిద్ధం చేయమని మద్రాసుకు కబురు వెళ్ళింది. నాకు వీటన్నిటిలో తల్లి జబ్బు తంతి అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. శత్రు గూఢచారి మనుషుల గుండెను ఎరిగినవాడైతే ఆ తంతిని అనుమానించడు. నవంబరు చివరికి ఘాజీకి తన ప్రధాన కార్యాలయం నుంచి విమానవాహక నౌక రేవులోనే ఉన్నట్టు సమాచారం అందింది. అది విశాఖ ముఖద్వారం వద్దకు వచ్చి పొంచింది.

డిసెంబరు 3 సాయంత్రం పశ్చిమాన పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద దాడి చేశాయి. విశాఖలో బ్లాకవుట్. ఆ రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నడుపుతున్న రాజ్‌పుత్ చీకట్లో రేవు కాలువ దాటి బయటికి వచ్చింది. రేవు దారి చూపించే పైలట్‌ను దింపేశాక, బయట జలాంతర్గామి పొంచి ఉంటే తనకు ఈ క్షణమే గండమని ఆ కెప్టెన్‌కు తోచింది. వెంటనే వేగం పెంచాడు. కుడి వైపున నీటిలో ఏదో అలజడి కనిపించిందని కాపలా నావికుడు అరవగానే ఆ చోటుకు వెళ్ళి నీటి లోతున పేలే రెండు డెప్త్ చార్జీలు వదిలి, ఆగకుండా సాగిపోయాడు. కొద్ది నిమిషాలకు పెద్ద పేలుడు. అర్ధరాత్రి ఇందిరా గాంధీ ప్రసంగం వినడానికి రేడియోల ముందు మేలుకుని ఉన్న వేలాది మంది విశాఖ వాసులు ఆ శబ్దం విన్నారు. ఊరిలో చాలా ఇళ్ళ కిటికీ అద్దాలు పగిలాయి.

ఆ పగిలిన అద్దాలలో మా అత్తవి కూడా ఉన్నాయి. వాళ్ళు అప్పుడు వన్‌టౌన్‌లో, సముద్రపు గాలి తగిలే ఒక మేడ పై వాటాలో అద్దెకు ఉండేవారు. మామయ్య డ్యూటీలో ఉన్నాడు. అత్త చంకలో ఏడాది పిల్ల. అద్దపు పెంకులు పక్క మీద పడ్డాయి. ఉత్తరాంధ్ర ఆడవాళ్ళకు ఆకాశం నుంచి వచ్చే చావు కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు అత్త వాళ్ళ అమ్మ మూటా ముల్లె సర్దుకుని బండి కట్టించుకుని గంజాం వైపు పారిపోయి వచ్చిన మనిషి. ఆ కథ వింటూ పెరిగిన అత్త, తెల్లవారగానే పిల్లను ఎత్తుకుని స్టేషనుకు వెళ్ళి, దొరికిన రైలు పట్టుకుని బరంపురం వచ్చేసింది. నాకు అప్పుడు పదేళ్ళు. రిక్షా దిగుతున్న అత్త జడలో ఇంకా చిన్న అద్దపు ముక్క మెరుస్తూ ఉంటే మా అమ్మ దాన్ని గోళ్ళతో తీయడం నేను చూశాను.

అసలు ఏం జరిగిందన్నది మాకు రేడియో కంటే ముందు చేపల బుట్ట తెచ్చింది. విశాఖ జాలారిపేట నుంచి గోపాలపురం దాకా, అక్కడి నుంచి పూరీ దాకా సముద్రం ఒడ్డున బతికే మత్స్యకారుల్లో చాలామంది తెలుగువారే, ఒడియావారు నోలియాలు అంటారు. ఒకరితో ఒకరికి చుట్టరికాలు. గోపాలపురం నుంచి మా పేటకు చేపలు తెచ్చే ముసలామె గుమ్మంలో బుట్ట దించి, "ఓలమ్మా, ఇసాపట్నం కాడ సముద్రం పేలిపోనాదట, మావోళ్ళకి నీటి మీద ఏటేటో తేలుతూ దొరికినాయట" అంది. నిజంగానే ఆ ఉదయం మత్స్యకారులు నీటిపై తేలిన వస్తువులు నౌకాదళానికి తెచ్చి ఇచ్చారు. గజ ఈతగాళ్ళు దిగి చూసి ఘాజీయే అని తేల్చారు. ప్రభుత్వం ఆ సంగతి బయటపెట్టింది డిసెంబరు 9న. చేపలమ్మ మాటను మా నాన్న అయిదు రోజులు నమ్మలేదు. ఆకాశవాణి చెప్పాక నమ్మాడు.

ఆ అయిదు రోజుల్లో తూర్పు సముద్రంలో యుద్ధం దాదాపు ఒక దారికి వచ్చేసింది. ఘాజీ భయం లేని విక్రాంత్ నుంచి డిసెంబరు 4నే సీ హాక్ విమానాలు లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్ పగిలిన బాయిలర్ ఉన్న ఆ ఓడను, మామయ్య మాటల్లో, "పథ్యం మీదున్న మనిషిని నడిపించినట్టు" నడిపించారు. తూర్పు పాకిస్తాన్ రేవులన్నీ మూతపడ్డాయి. సముద్రం మీద సహాయం రావడానికీ లేదు, తప్పించుకుని పోవడానికీ లేదు. సుమారు 93,000 మంది లొంగిపోవడానికి మన సైన్యం నేల మీద చేసినది ప్రధాన కారణం, ఆ నీటి తలుపు గడియ పడటం మరొక కారణం.

ఇదంతా సరే. విక్రాంత్ విశాఖలో ఉందని శత్రువును నమ్మించారన్న సంగతి ఇంట్లో తెలిసిన రోజున మాత్రం మా అత్త భగ్గుమంది. "అయితే ఓడని దాచి మమ్మల్ని ఎరగా వేశాడన్నమాట మీ అడ్మిరలు" అంది. మామయ్య నవ్వి ఊరుకోబోయాడు. ఆమె ఊరుకోలేదు. లక్షల మంది కాపురముంటున్న ఊరి వాకిట్లోకి పాముని పిలిచి, ఆ సంగతి ఊరికి చెప్పకపోవడం ఏ ధర్మం అని అడిగింది. ఆ జలాంతర్గామి ఓడనే కొడుతుందని, ఊరి మీదికి గురి పెట్టదని రాసి ఇచ్చినవాడెవరు అంది. ఈ ప్రశ్నకు ఆ వసారాలో ఏళ్ళ తరబడి తీర్పు రాలేదు. మామయ్య వాదన ఒకటే. ఘాజీ ఎలాగూ ఈ సముద్రంలోకి వస్తుంది, అది మన ఇష్టం కాదు. ఎక్కడికి రావాలన్నదే మన చేతిలో ఉన్నది. వందల మైళ్ళ నడి సముద్రంలో దాన్ని వెతకడం కంటే, మన ఓడలు, మన ఫిరంగులు, ప్రతి మలుపూ తెలిసిన మన కాలువ ఉన్న చోటికి రప్పించడమే తెలివి. ఊరికి చెప్పి ఉంటే ఆ క్షణమే అది వాళ్ళకూ చెప్పినట్టే. అంత బరువును ఒక్కడే మోసి, ఏ రోజూ ముఖంలో చూపించకుండా ఉద్యోగం చేసినవాడు కనుకనే ఆయన కమాండర్, నేను ఇండెంట్లు రాసేవాణ్ణి అనేవాడు. ఒకసారి తనిఖీకి వచ్చినప్పుడు ఆయన్ని దూరం నుంచి చూశాడట. అంతకంటే దగ్గరగా ఎరుగడు.

నేను పెద్దయ్యాక ఇద్దరి మాటా నిజమే అనుకున్నాను. కానీ తూకం వేయవలసి వస్తే మామయ్య వైపే ఎక్కువ మొగ్గుతుంది. యుద్ధంలో కమాండర్ ధైర్యం అంటే గుండ్ల మధ్య నిలబడటమని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కృష్ణన్ గారు ఇరవై రెండేళ్ళప్పుడే ఆ ధైర్యం చూపించి పతకం తెచ్చుకున్నారు. యాభై రెండేళ్ళప్పుడు ఆయన నుంచి యుద్ధం కోరినది వేరు. ఒడ్డున ఒక గదిలో కూర్చుని, తాను పన్నినది ఫలించిందో లేదో తెలియని రాత్రులు గడపాలి, తప్పితే పోయేది తన ప్రాణం కాదు.

ఆ పేలుడు రాజ్‌పుత్ డెప్త్ చార్జీల వల్లనే జరిగిందా అన్న విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. లోపల జరిగిన ప్రమాదమో, తాను పరిచిన మందుపాతరే తనకు తగిలిందో అని పాకిస్తాన్ వారు అంటారు. మన వైపు కూడా ఆ దిశగా ఆలోచించినవారు ఉన్నారు. కృష్ణన్ గారు ఆ ఘనతను రాజ్‌పుత్‌కే ఇచ్చారు. ఏది నిజమైనా, ఘాజీని ఆ చోటికి, ఆ రాత్రికి అక్కడ నిలిపినది మాత్రం మటన్ ఇండెంట్లు, తల్లి జబ్బు తంతి వంటివే.

ఆ కమాండ్ చేసినదల్లా మెరుపే అని మామయ్య కూడా అనేవాడు కాదు. యుద్ధం చివరి రోజుల్లో కాక్స్ బజార్ వద్ద సైనికులను సముద్రం మీంచి దించిన ప్రయత్నం చెడిపోయింది. తీరం వాలు ముందుగా సరిగా కొలవకపోవడంతో నౌకలు ఇసుక తిన్నెకు తట్టి ఆగిపోయాయి. దిగిన గూర్ఖా జవాన్లలో ప్రాణనష్టం జరిగింది. మామయ్య ఈ మాట గోపాలపురం ఒడ్డున చెబితే, వలలు బాగుచేసుకుంటున్న ముసలి నోలియాలు తలలు ఊపేవారు. అక్కడ అప్పట్లో రేవు లేదు. ఒకప్పుడు రంగం, అంటే రంగూన్, వెళ్ళే స్టీమర్లు దూరాన లంగరు వేస్తే, తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో కూలీలను అలలు దాటించినది వీళ్ళ తాతలే. అల విరిగే చోటును మనిషి కళ్ళతో చూడకుండా కాగితం మీద కొలిస్తే అంతే అని వాళ్ళు అనేవారు.

ఆ యుద్ధంలో సముద్రం మీద తూర్పు నౌకాశ్రేణిని నడిపినది రియర్ అడ్మిరల్ ఎస్.హెచ్. శర్మ. ఈ పేరు మామయ్య కొంచెం గర్వంగా, మన వాడన్న ధోరణిలో పలికేవాడు. ఎందుకంటే శర్మ గారు వైస్ అడ్మిరల్‌గా తూర్పు నౌకాదళానికి అధిపతి అయి, విరమణ తరువాత భువనేశ్వర్‌లోనే ఉన్నారు. అక్కడే నూరేళ్ళకు చేరువలో 2022 జనవరిలో కన్నుమూశారు. కృష్ణన్ గారు అంత ఆయుస్సు చూడలేదు. పద్మభూషణ్ వచ్చింది. కొచ్చిన్ షిప్‌యార్డును నడిపారు. 1982లో పోయారు. ఆ కబురు పత్రికలో చదివిన రోజు మామయ్య అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదని అత్తే చెప్పింది, ఎక్కడా వెటకారం లేకుండా.

మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. అత్త ఉంది, చెవులు కొంచెం మందగించాయి కానీ జ్ఞాపకం మందగించలేదు. 2024లో మన నౌకాదళం తన లోతునీటి సహాయ వాహనంతో విశాఖ దగ్గర సముద్రగర్భంలో ఘాజీ శకలాన్ని గుర్తించిందని, అందులో చనిపోయిన 90 మందికి పైగా నావికుల పట్ల గౌరవంతో దాన్ని కదపలేదని వార్త వచ్చింది. నేను ఆమెకు చదివి వినిపించాను. కదపకపోవడం మంచిదే, వాళ్ళూ ఎవరో ఒకరి కొడుకులే కదా అంది. ఒడ్డుకు ఎంత దూరంలో ఉందట అని అడిగింది. రెండు మూడు కిలోమీటర్లు ఉంటుందేమో అన్నాను.

"అంత దగ్గరికా రానిచ్చాడు!" అంది అత్త. "మీ మామయ్య నాకు ఆ సంగతి ఒక్కనాడూ చెప్పలేదు."